ముందు వరస గుడారాలు

వ్యాను దిగి, కొంగుతో మొహం తుడుచుకుని, చుట్టూ ఒకసారి చూసి "పేరు గొప్ప, ఊరు దిబ్బ" అంది అత్తయ్య. ఆవిడ అనకపోతే నేనే అనేదాన్ని.

గేటు మీద నీలిరంగు అక్షరాలతో సరస్సు, అడవి, ఆకాశం మూడూ కలిపి అల్లిన పేరొకటి రాసి ఉంది. మూడింటిలో ఆకాశం ఒక్కటే నిజం. సరస్సంటే ఇటుకల కోసం ఎవరో మట్టి తవ్వుకుపోయిన గుంట. అడుగున మోకాలి లోతు నీళ్ళు, అందులోంచి పైకి పాకిన రబ్బరు గొట్టం. అడవంటే కర్రల ఊతంతో నిలబడ్డ లేత మొక్కలు. వాటి నీడ కోడిపిల్లకి కూడా చాలదు. రోడ్డుకి అవతల లారీ టైర్లకి గాలి కొట్టే షెడ్డు, దాని మోత. గేటు పక్కన దిమ్మె మీద సిమెంటు జింక నిలబడి ఉంది. ఒక చెవి విరిగిపోయి లోపలి ఇనపచువ్వ బయటికి వచ్చింది. స్నానాల గదులకి గడియలు లేవు, లోపలున్నవాళ్ళు పాట పాడుతూ ఉండాలట.

ఆ శిబిరం సొంతదారు ఒకప్పుడు ఫొటో స్టూడియో నడిపినాయన. జనం చేతుల్లోకి ఫోన్లు వచ్చాక స్టూడియో మూతపడింది. ఉన్నదంతా ఊడ్చి ఈ నేల మీద పెట్టాడు. మేం ఆయన్ని స్టూడియో సారనే అంటాం. మాకు పంపిన రంగుల కాగితంలో ఫొటోలన్నీ ఆయన తీసినవే. అందులో చెరువు చూస్తే అవతలి ఒడ్డు కనిపించదు.

"ఫొటోలో ఉన్న చెరువేదండీ?" అని అడిగాను.

"అదేనమ్మా," అన్నాడు చేతులు నలుపుకుంటూ. "ఒడ్డున బోర్లా పడుకుని తీశా. వానలు పడితే నిజంగానే అలా ఉంటుంది."

"అయితే అప్పటిదాకా వచ్చినవాళ్ళందర్నీ బోర్లా పడుకోమనండి," అంది అత్తయ్య.

నేను నవ్వలేదు. నవ్వే ఓపిక లేదు. అమ్మ అడిగిన ఒకే ఒక్క కోరిక తీర్చడానికి వచ్చి, ఇలాంటి చోట దిగామా అని నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

మా నాన్న గుడారాలు కుట్టేవాడు. ఇంటి ముందు గదే కార్ఖానా. సర్కసుల వాళ్ళకి, రోడ్లు వేసే కంపెనీలకి, వరదలొస్తే సాయానికి వెళ్ళేవాళ్ళకి ఆ గదిలోంచే గుడారాలు వెళ్ళేవి. నాన్న మిషను మీద కూర్చునేవాడు, అమ్మ ఎడమ పక్కన నిలబడి గుడ్డ అందించేది. గుడారపు గుడ్డ అంటే చీర ముక్క కాదు, తడిసిన పరుపంత బరువు. అమ్మ దాన్ని కుప్పలోంచి ఎత్తి, దులిపి, నాన్న చేతికి ఇచ్చేది. నాన్న అంచు మీద అంచు వేసి, మడిచి, కుట్టేవాడు. నేను పుట్టక ముందు నుంచీ ఇదే వరస.

"ఊరందరికీ టెంట్లు కుట్టాం. ఒక్కరోజైనా మనం కుట్టినదాంట్లో మనం పడుకోవాలండీ," అనేది అమ్మ.

"ఏం, ఇంటికప్పు కారుతోందా?" అనేవాడు నాన్న. అక్కడితో ఆ మాట అయిపోయేది.

ఈ శిబిరానికి కావలసిన గుడారాలు సగం అయ్యాయి. చలికాలం ఒక పొద్దున గుడ్డ ఎత్తబోతూ అమ్మ "గుండెల్లో బరువుగా ఉంది" అని ఆ గుడ్డల కుప్ప మీదే కూర్చుంది. ఆసుపత్రికి చేరేసరికే లేదు. మిగతా సగం నాన్న ఒక్కడే కుట్టాడు. నేను బడికి పోయి లెక్కలు చెప్పి వచ్చేదాన్ని. నేను వెళ్ళేటప్పుడు మిషను మీద ఎలా వంగి ఉన్నాడో, వచ్చేటప్పటికీ అలాగే ఉండేవాడు. ఆఖరి గుడారం వ్యాను ఎక్కించాక మిషను మీద దుప్పటి కప్పాడు. కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. పిలిస్తే పలకడు, పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. అత్తయ్య, అంటే నాన్నకి అక్క, తన ఇల్లు కొడుక్కీ కోడలికీ అప్పగించి మా దగ్గరికి వచ్చేసింది. నాకున్న భయం ఒక్కటే. అమ్మ వెళ్ళిపోయింది సరే, ఆ కుర్చీలో నాన్న కూడా నా కళ్ళ ముందే వెళ్ళిపోతాడేమోనని.

అందుకే బడికి వేసవి సెలవులు ఇవ్వగానే, స్టూడియో సారు "ఒకసారి వచ్చి మీ టెంట్లు చూసుకోండి" అని పిలిస్తే, నాన్నని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను.

గుడారాలు రెండు వరసలుగా ఉన్నాయి. మొదట పంపినవి గేటు వైపు ముందు వరస, తర్వాత పంపినవి గుంట వైపు వెనక వరస. నాన్న వ్యాను దగ్గరే నిలబడి వాటిని చాలాసేపు చూశాడు. బొమ్మలో చెట్ల కింద, నీళ్ళ పక్కన దర్జాగా ఉన్న గుడారాలు ఇక్కడ దుమ్ము కొట్టుకుని, ఒకటి అటు వాలి, ఒకటి ఇటు వాలి, తాళ్ళు వేలాడేసుకుని ఉన్నాయి. "ఇంటికి పోదాం" అంటాడనుకున్నాను. అంటే తీసుకుపోదామనే ఉంది నాకూ.

నాన్న నడుచుకుంటూ వెళ్ళి మొదటి గుడారం తాడుని కాలితో తన్నాడు. మేకు ఊడి వచ్చింది.

"ఈ మేకులు నిట్టనిలువుగా దిగ్గొట్టిన మొనగాడెవడు?"

నేనూ అత్తయ్యా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చలికాలం తర్వాత నాన్న నోటివెంట వచ్చిన మొదటి నిండు వాక్యం అది.

"నేనేనండీ," అన్నాడు స్టూడియో సారు.

"మేకు టెంటుకి ఎదురు వాలి ఉండాలి. తాడు ఇటు లాగితే అది అటు లాగాలి. ఇట్లా నిలబెడితే గాలికి మీ టెంట్లన్నీ పోయి ఆ లారీల షెడ్డులో పడతాయి. సుత్తి ఉందా?"

సుత్తి వచ్చింది. చీకటి పడేదాకా నాన్న ఆ సుత్తి వదల్లేదు. ఆ దిబ్బ మీద, ఆ దుమ్ములో, చెవి విరిగిన జింక పక్కన నిలబడి నేను ఏడ్చాను. సంతోషంతోనే.

*

రెండు రోజులకని వెళ్ళినవాళ్ళం వేసవంతా ఉండిపోయాం. స్టూడియో సారు తన ఆఫీసు గది పక్కన మాకొక గది ఇచ్చాడు. "ఆయన ఇక్కడుంటే నాకు కొండంత ధైర్యమమ్మా," అన్నాడు. ఆయనకి ఆ ధైర్యం అవసరమే. వచ్చినవాళ్ళలో సగం మంది గేటు దాకా వచ్చి, జింకని చూసి, వ్యాను వెనక్కి తిప్పుకునేవాళ్ళు. దిగినవాళ్ళు కూడా ముందు చెరువేదని అడిగేవాళ్ళు. అత్తయ్య ఆ జింక చెవికి ఒక పాత గుడ్డ చుట్టి, "దెబ్బ తగిలింది, కట్టు కట్టాం" అని పిల్లలకి చెప్పేది. కొన్నాళ్ళకి పిల్లలు చెరువు సంగతి మాని, జింకకి ఎలా ఉందని అడగడం మొదలుపెట్టారు.

నాన్న రోజూ పొద్దున్నే తాళ్ళన్నీ చూసుకునేవాడు. ఎండకి సాగితే బిగించేవాడు, రాత్రి మంచుకి బిగుసుకుంటే వదులు చేసేవాడు. వచ్చినవాళ్ళకి గుడారం తలుపు ఎలా కట్టుకోవాలో చూపించేవాడు. వాళ్ళు మర్యాదకి "బాగా కుట్టారండీ" అంటే చాలు, పట్టుకుని కూర్చోబెట్టేవాడు.

"నా చేతి కుట్టండీ. అసలు కిటుకంతా మడతలో ఉంది. నీళ్ళు ఎప్పుడూ కిందికే చూస్తాయి, మడత నోరు కూడా కిందికే చూడాలి. పై గుడ్డ అంచు కింది గుడ్డ మీదకి రావాలి, పెంకు మీద పెంకు పరిచినట్టు. అప్పుడు చుక్క దిగదు. నా టెంటు కారిందని ఇంతవరకూ ఒక్కడు అనలేదు."

ఈ ఉపన్యాసం నాకు పుట్టినప్పట్నించీ తెలుసు. అందులో అమ్మ ఎప్పుడూ లేదు. ఎవరైనా అమ్మ గురించి అడిగితే, ముందూ అదే మాట, ఇప్పుడూ అదే మాట: "ఆవిడ గుడ్డ అందించేది." నాకు ఒళ్ళు మండేది. కానీ మాట్లాడుతున్నాడు కదా, రెండోసారి వడ్డించమంటున్నాడు కదా అని నోరు మూసుకునేదాన్ని. అన్నీ కావాలంటే ఎలా?

ఒక్కటి మాత్రం చేసేవాడు కాదు. గుడారంలో పడుకునేవాడు కాదు. ఎన్ని ఖాళీగా ఉన్నా బయట మడతమంచం వేసుకునేవాడు. "అమ్మ కోరిక కదా నాన్నా, ఒక్కసారి పడుకో" అంటే, "అది లేకుండా నేనొక్కణ్ణీ దేనికి?" అని అటు తిరిగిపోయేవాడు.

*

వేసవి చివర్లో ఒక మధ్యాహ్నం మబ్బు పట్టి, చూస్తూ ఉండగానే వాన దిగింది. దుమ్ము అణిగింది, లారీల షెడ్డు మోత ఆగింది. స్టూడియో సారు కెమెరా తీసుకుని గుంట దగ్గరికి పరిగెత్తాడు. నాన్న ఆఫీసు గది వరండాలో నిలబడి, తన పెళ్ళి ఊరేగింపు చూసుకుంటున్నంత సంబరంగా గుడారాల వైపు చూస్తున్నాడు.

అంతలో వెనక వరస గుడారంలోంచి ఒకామె చంటిపిల్లని గుండెకి అదుముకుని బయటికి వచ్చింది. పక్క గుడారంలోంచి ఇంకొకాయన పరుపు నెత్తిన పెట్టుకుని వచ్చాడు. "లోపల కారుతోంది!" అని అరిచాడు.

నాన్న కంగారు పడలేదు. నవ్వాడు కూడా.

"కొత్త గుడ్డ కదండీ. మొదటి వాన తాగాలి. తాగి, నూలు ఉబ్బి, సందులు మూసుకుంటాయి. రెండో వానకి చుక్క పడితే నన్నడగండి."

అది అబద్ధం కాదు. కొత్త గుడ్డ గుణమే అంత. అందరూ ఒప్పుకున్నారు, స్టూడియో సారు అందరికీ టీ ఇప్పించాడు. నేను కూడా ఒప్పుకునేదాన్నే. కానీ లెక్కలు చెప్పే బుద్ధి ఒకటి ఏడ్చింది కదా. గుడ్డ ఒకటే, దారం ఒకటే, నిలబెట్టిన రోజూ ఒకటే. మరి ముందు వరస గుడారాల్లో ఉన్నవాళ్ళు ఒక్కరు కూడా బయటికి రాలేదేం?

వాన వెలిశాక, నాన్న టీ తాగుతుంటే, ముందు వరస దగ్గరికి వెళ్ళి కప్పు మీది కుట్టు మీద పైనుంచి కిందికి వేలు రాశాను. అంచు మీదుగా నున్నగా జారిపోయింది. వెనక వరసకి వెళ్ళి అలాగే రాశాను. వేలు మడతలోకి దూరింది. లోపల ఇంకా నీళ్ళున్నాయి. పక్కదీ అంతే, దాని పక్కదీ అంతే. అమ్మ పోయాక కుట్టిన ప్రతి గుడారంలోనూ మడత నోరు పైకి తెరుచుకుని ఉంది.

స్నానాల గదుల వెనక్కి అత్తయ్యని లాక్కెళ్ళి చెప్పాను. ఆవిడ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టి చుట్టూ చూసింది.

"వాడికి చెప్పకు," అంది. "కుట్టు తప్పిందంటే వాడికి ప్రాణం పోయినట్టే. మళ్ళీ ఆ గోడవైపు తిరిగి కూర్చుంటాడు. ఈసారి మనవల్ల కాదు లేపడం."

"ఇంకో వాన పడితే?"

"పడకముందే ఏదో ఒకటి చేద్దాం. ఆ ఫొటోలాయన్ని పిలువు."

స్టూడియో సారు అంతా విన్నాడు. మమ్మల్ని తిట్టొచ్చు, గుడారాలు వెనక్కి తీసుకోమనొచ్చు. అలా చెయ్యలేదు. "అబద్ధపు చెరువు చూపించి బతుకుతున్నవాణ్ణి, నాకు ఇదొక లెక్కా అమ్మా," అని, వెనక వరస మీద కప్పడానికి ప్లాస్టిక్ పట్టాలు తెప్పించాడు. నాన్నకి ఏం చెప్పాలో కూడా ఆయనే అనుకున్నాడు. ఎండకి రంగు పోకుండా అని.

మర్నాడు పట్టాలు వేయించి ఆయన అటు వెళ్ళాడో లేదో, నాన్న ఒక్కొక్కటే పీకి కింద పారేశాడు.

"నా టెంట్ల మీద ప్లాస్టిక్కా? చూసినవాళ్ళు ఏమనుకుంటారు, కారుతున్నాయని కప్పారనుకోరూ?"

"ఎండకిరా," అంది అత్తయ్య.

"ఎండకి పుట్టి ఎండలో పెరిగిన గుడ్డ అక్కా అది. నీకేం తెలుసు, ఊరుకో."

అత్తయ్య కుక్కిన పేనులా ఊరుకుంది. ఆవిడ అలా ఊరుకోవడం నేను అంతకు ముందు చూడలేదు.

*

రెండో వాన రావడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే వచ్చింది. వెనక వరసలో ఒక ముసలాయన తన భార్యతో దిగాడు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. కారుతున్న గుడారంలోంచి ఆవిణ్ణి ఆయన నెమ్మదిగా నడిపించుకొచ్చి వరండాలో కూర్చోబెట్టాడు. తల నుంచి నీళ్ళు కారుతుంటే, కోపం కూడా లేకుండా అడిగాడు.

"ఈ టెంట్లు కుట్టింది ఎవరండీ?"

నాన్న వానలోకి దిగాడు. గొడుగు తీసుకుని వెనకాలే పరిగెత్తబోయాను, అత్తయ్య నా చెయ్యి పట్టుకుని ఆపింది.

వెనక వరస గుడారం ముందు నిలబడి కప్పు మీద చెయ్యి వేశాడు. వేలు పైనుంచి కిందికి రాశాడు. ఆగాడు. పక్క గుడారానికి వెళ్ళాడు, అదే పని చేశాడు. అక్కణ్ణుంచి ముందు వరసకి వచ్చి అక్కడా వేలు రాశాడు. మళ్ళీ వెనక్కి వెళ్ళాడు. మళ్ళీ ముందుకి వచ్చాడు. అలా ఆ రెండు వరసల మధ్య ఎన్నిసార్లు తిరిగాడో నాకు గుర్తులేదు. చివరికి జింక దిమ్మె మీద కూర్చున్నాడు. మేం గొడుగు పట్టుకుని దగ్గరికి వెళ్ళాం.

రెండు చేతులతో గాలిలోనే గుడ్డ అందుకుంటున్నట్టు, మడుస్తున్నట్టు, కుడుతున్నట్టు చేసి చూసుకుంటున్నాడు.

"నేను మార్చలేదు," అన్నాడు. "ఎప్పుడూ ఎలా వేస్తానో అలానే వేశా మడత. నా వైపుకే. అన్నీ ఒకేలా వేశా."

తల ఎత్తి అత్తయ్య వైపు చూశాడు.

"అక్కా, నువ్వు వచ్చినప్పుడల్లా ఆ గదిలోనే కూర్చునేదానివి కదా. అది నాకు గుడ్డ ఎలా ఇచ్చేది?"

అత్తయ్య గొడుగు నా చేతిలో పెట్టింది. రెండు చేతులూ చాపి, లేని గుడ్డ ఎత్తి, దులిపి, మణికట్లు రెండూ కలిపి ఇలా తిప్పింది. వెల్లకిలా ఉన్న పసిపిల్లని బోర్లా పడుకోబెట్టినట్టు. అప్పుడు నాన్నకి అందించింది.

"ప్రతిసారీ?"

"ప్రతిసారీనూ. ఎందుకే అలా తిప్పుతావని నేనే అడిగా ఒకసారి, మీ పెళ్ళయిన కొత్తలో. 'ఆయన మడత ఒకే వైపు వేస్తారు వదినా, అది తప్పువైపు. చెప్తే నాలుగు రోజులు అలుగుతారు. నేనే తిప్పి ఇస్తే మడత నోరు కిందికి వస్తుంది, పోయె' అంది."

వాన కొడుతూనే ఉంది. నాన్న అత్తయ్య చేతుల వైపే చూస్తున్నాడు.

"ఇన్నేళ్ళూ అది నా కుట్టనుకున్నా," అన్నాడు.

అంతే. లేచి, తడి బట్టలతోనే, ముందు వరసలో ఖాళీగా ఉన్న గుడారంలోకి వెళ్ళి పడుకున్నాడు. వేసవంతా నేను బతిమాలినా పడుకోనివాడు. నేను తుండుగుడ్డ పట్టుకుని లోపలికి వెళ్ళేసరికి పరుపుకి ఒక పక్కగా, రెండో పక్క ఖాళీ వదిలి, వెల్లకిలా పడుకుని కప్పు వైపు చూస్తున్నాడు. పైన వాన ధారలు కట్టి పోతోంది. లోపల ఒక్క చుక్క లేదు.

"పొడిగా ఉంది చూడవే," అన్నాడు. నేను తల తుడవబోతే చెయ్యి పక్కకి తోసి, ఆ ఖాళీ వైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. నేను తుండుగుడ్డ అక్కడే పెట్టి బయటికి వచ్చి, వానలో నిలబడి, ఏం చెయ్యాలో తెలియక అమ్మని తిట్టాను. ఒక్కసారైనా చెప్పొచ్చు కదా అని. చెప్తే ఈయన విని ఉండేవాడు కాదని తెలిసే తిట్టాను.

*

మర్నాడు పొద్దున నాన్న పరుపు మీదనుంచి లేవడేమోనని నేనూ అత్తయ్యా భయపడుతూ కూర్చున్నాం. లేచాడు. టీ తాగాడు. స్టూడియో సారుని పిలిచి, వ్యాను పంపి ఇంటి నుంచి మిషను తెప్పించమన్నాడు. దాని మీది దుప్పటి కూడా తీయకుండా అలాగే తెచ్చారు. వరండాలో పెట్టించి, వెనక వరస గుడారాలు విప్పించి, కుట్లు విప్పడం మొదలుపెట్టాడు. ముందు వరస జోలికి మాత్రం ఎవర్నీ పోనివ్వలేదు. "వాటికేం ఢోకా లేదు" అన్నాడు. ఆ పని నడుస్తుండగా దిగినవాళ్ళెవరో, మీరే కుట్టారా ఈ టెంట్లన్నీ అని అడిగారు. నాన్న పళ్ళ మధ్య దారం తెంపి, తల ఎత్తకుండా, "ముందు వరస మా ఆవిడ కుట్టు. ఇవి నావి, అందుకే విప్పుతున్నా" అన్నాడు. ఆ మాట అమ్మ వినాల్సింది. వినాల్సిన మనిషి లేకుండా వచ్చే మాట ఎంత మంచిదైనా గొంతులో ముల్లే.

గుడ్డ అందించడానికి నేను నిలబడ్డాను, ఎడమ పక్కన, అమ్మ నిలబడే వైపు. ఇన్నేళ్ళ అలవాటు నాన్న చెయ్యి మానదు, అందుకని అత్తయ్య దగ్గర తిప్పడం నేర్చుకున్నాను. మొదట నాలుగైదు గుడ్డలకే భుజాలు పడిపోయాయి. ఎత్తడం ఒకెత్తు, దులపడం ఒకెత్తు, ఆ బరువుని గాలిలో ఉండగానే బోర్లా తిప్పడం ఒకెత్తు. ఇంత పని జరుగుతుంటే పక్క గదిలో కూర్చుని చదువుకున్న నాకు అది కనిపించనే లేదు. గుడ్డ అందించడమే కదా అనుకున్నాను, నాన్న అనుకున్నట్టే.

బడి తెరిచే రోజు దగ్గర పడింది. ఆకాశం ఏ పూటకి ఆ పూట ముసురుతోంది. ఆఖరి గుడారం మిగిలింది. వరండా చివర అత్తయ్య పాత దారాలు ఏరుతోంది. స్టూడియో సారు గుంట ఒడ్డున నిలబడి ఉన్నాడు. ఇప్పుడు ఆయన బోర్లా పడుకోనక్కర్లేదు, నీళ్ళు నిజంగానే వచ్చాయి. నేను బడి గురించి ఏదో ఆలోచిస్తూ గుడ్డ ఎత్తి, దులిపి, నాన్న చేతికి ఇచ్చాను.

మిషను ఆగిపోయింది.

నాన్న గుడ్డని బొటనవేలితో తడుముతున్నాడు.

"తిప్పలేదు," అన్నాడు.

"అయ్యో, మర్చిపోయా నాన్నా. ఇటివ్వు."

ఇవ్వలేదు. గుడ్డని అలాగే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"జ్వరంతో నిలబడేది," అన్నాడు. "నువ్వు కడుపులో ఉన్నప్పుడు, ఆఖరి రోజు దాకా ఈ మిషను పక్కనే నిలబడింది. వాళ్ళ అమ్మ పోతే వెళ్ళి వచ్చిన మర్నాడు కూడా నిలబడింది. ఒక్కసారి మర్చిపోలేదే."

అత్తయ్య దారాలు ఏరడం ఆపేసింది.

"నీకు తెలుసుగా, మాకు గొడవలయ్యేవి. వారాలు వారాలు మాట్లాడుకునేవాళ్ళం కాదు. గుడ్డ అందుకునేటప్పుడు నేను మొహం కూడా చూసేవాణ్ణి కాదు." నాన్న గుడ్డని మళ్ళీ బొటనవేలితో రాశాడు. "మాటల్లేని రోజుల్లో కూడా తిప్పే ఇచ్చిందే అది. అప్పుడు కూడా తిప్పే ఇచ్చింది."

అమ్మ పోయినరోజు ఏడవని మనిషి, అంతమంది వచ్చి ఓదార్చినా కన్ను తడవని మనిషి, మిషను చక్రం మీద తల ఆనించి ఏడ్చాడు. నేను ఆ పక్కనే నిలబడి ఉన్నాను. వీపు మీద చెయ్యి వేద్దామనుకున్నాను, వెయ్యలేకపోయాను. ఆ చోటు నాది కాదనిపించింది.

కాసేపటికి నాన్న తల ఎత్తి మొహం తుడుచుకున్నాడు. ఒళ్ళోని గుడ్డ తీసి నాకు వెనక్కి ఇచ్చాడు. నా మొహం వైపు చూస్తూ ఎడమచెయ్యి చాపి పట్టుకున్నాడు. నేను గుడ్డ దులిపి, తిప్పి, ఆ చేతిలో పెట్టాను.